నీరు పారకున్నా వడ్డీ పారింది



మా తిరువూరులో, బహుశా మీ ఊళ్ళలోనూ, చదువుకున్నవారి నోట తరచుగా వినవచ్చే మాటలు రెండున్నవి. మొదటిది: "దొరల పాలనే నయమండీ, ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, మనవాళ్ళేం చేశారు?" రెండవది: "ఈ మునిసిపాలిటీల వల్ల ఏమీ కాదండీ, నీళ్ళ సరఫరా కూడా ఏదో ఒక కంపెనీకి అప్పగించేస్తే గడియారం కొట్టినట్టు నీళ్ళిస్తారు." విచిత్రమేమనగా ఈ రెండు మాటలూ తరచు ఒకే నోటి నుండి, ఒకే పూట, ఒకే కాఫీ గ్లాసు ముందు వెలువడుతుంటాయి. చెప్పేవారు సామాన్యులు కారు. పింఛను పుచ్చుకొంటున్న ఉద్యోగులు, వైద్యులు, నాబోటి బడిపంతుళ్ళు. అనగా ఊరి అభిప్రాయమును తయారుచేసేవారు.

దొరల పాలన ఒకటి, కంపెనీ నీరు ఒకటి. ఈ రెండూ కలిస్తే ఎట్లుంటుందో ఊహించుకోనక్కరలేదు. రెండూ కలిసిన సందర్భం మన తెలుగుగడ్డ మీదనే సంభవించింది. దాని పేరు కర్నూలు–కడప కాలువ. రైతులు కె.సి. కెనాల్ అంటారు. డచ్చివారు తవ్వించారని కొందరు వ్రాస్తుంటారు గాని అది పొరపాటు. తవ్వించినది 1858లో లండనులో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆ కథను మా పాఠ్యపుస్తకములలో ఎన్నడూ చెప్పలేదు. ధవళేశ్వరం చెప్పాము, బెజవాడ ఆనకట్ట చెప్పాము, సుంకేశుల చెప్పలేదు. చెప్పివుంటే పై రెండు మాటలూ ఇంత సులువుగా నోటికి వచ్చేవి కావని నా అభిప్రాయం.

ముందు ధవళేశ్వరం సంగతి చూద్దాం. గోదావరికి ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. ఆ వెంటనే బెజవాడ వద్ద కృష్ణానదికి ఆనకట్ట కట్టి 1855లో ముగించారు. ఈ రెంటికీ ఖర్చు పెట్టినది మద్రాసు సర్కారు ఖజానా. ఖజానాలోని సొమ్ము ఎక్కడిది? మన శిస్తు. అందుచేత "దొరలు కట్టారు" అన్న క్రియకు కర్త దొర కావచ్చును గాని, ధనము మాత్రం మనది. (వ్యాకరణం చెప్పినవాడిని కనుక కర్తకూ కరణానికీ తేడా చూపక తప్పదు.) ఆ ఆనకట్టలు ఉభయ డెల్టాలనూ అన్నపూర్ణలుగా చేసిన మాట సత్యం. కాటన్ దొర విగ్రహానికి మ్రొక్కేవారిని, పుష్కరాలలో ఆయనకు పిండప్రదానం చేసేవారిని నేను తప్పు పట్టను. కృతజ్ఞత మన జాతి గుణం, అది ఉండవలసినదే.

ఐతే అదే కాటన్ దొర, డెల్టాల విజయం చూసిన ఉత్సాహంతో, ఇకపై కాలువలు తవ్వే పనిని లండను పెట్టుబడిదారులకు ఇవ్వవచ్చునని భావించాడు. తుంగభద్ర నీటిని సుంకేశుల వద్ద మళ్ళించి, కర్నూలు మీదుగా కడపకు, అక్కడి నుండి పెన్న మీదుగా సముద్రతీరం దాకా తీసుకుపోవలెనని మహాసంకల్పం. నీటిపారుదల ఒక ప్రయోజనం, పడవల రవాణా మరొక ప్రయోజనం. సంకల్పంలో దోషం లేదు. దోషమంతా ఒడంబడికలో ఉన్నది.

ఒడంబడిక ఏమిటి? కంపెనీ వాటాదారులు 10 లక్షల పౌండ్లు పెట్టుబడి పెడతారు. దానిపై ఏటా 5 శాతం వడ్డీ వచ్చేటట్లు సర్కారు పూచీ పడుతుంది. కాలువలో నీరు పారినా, పారకున్నా. పొలము పండినా, ఎండినా. పడవ నడచినా, నడవకున్నా. లాభం వస్తే వాటాదారునిది, రాకుంటే లోటు పూడ్చేది ఖజానా, అంటే బళ్ళారి మెట్టరైతు నుండి నెల్లూరు తరిరైతు దాకా శిస్తు కట్టే ప్రతివాడూ. సంవత్సరానికి 5 శాతం చొప్పున 20 ఏళ్ళయితే వడ్డీయే అసలుకు సమానమవుతుంది. ఇందుకు లెక్కల మాష్టారి సహాయం అవసరం లేదు.

1863 ప్రాంతంలో పని మొదలైంది. పెద్ద సంకల్పమంతటికీ వేసిన పెట్టుబడి, మొదటి భాగమైన సుంకేశుల–కడప కాలువ పూర్తి కాకముందే కరిగిపోయింది. సుమారు 190 మైళ్ళ కాలువ. 1866లో మరో 6 లక్షల పౌండ్లు సర్కారే సమకూర్చవలసి వచ్చింది. పూచీ ఉన్నవాడికి పొదుపు ఎందుకు గుర్తుకు వస్తుంది? ఇంజనీరు ఎంత ఖర్చుపెడితే అంత అసలు, అంత అసలుకు అంత వడ్డీ. మన ఊళ్ళలో సామెత ఉండనే ఉన్నది, "అత్త సొమ్ము అల్లుడు దానం" అని. 1871 నాటికి ఎట్లో కాలువ కడప చేరింది.

అప్పుడు ఒక విశేషం జరిగింది. నేను ఈ టపా వ్రాయడానికి ముఖ్యకారణం ఆ విశేషమే.

రైతులు నీరు పుచ్చుకోలేదు.

కర్నూలు ప్రాంతంలో అధికభాగం నల్లరేగడి. జొన్న, పత్తి, కొర్ర వాన తేమ మీద పండే నేల. ఆ నేలకు కాలువనీరు పెట్టాలంటే గట్లు వేయాలి, చదును చేయాలి, వరికి మారాలి, అలవాటు లేని సేద్యం నేర్చుకోవాలి. పైపెచ్చు నీటితీరువా ఏటా కట్టాలి. వానలు బాగున్న ఏడు తనకు అక్కరలేని నీటికి రైతు ఎందుకు డబ్బు కట్టాలి? లక్షల ఎకరాలు తడుస్తాయని లండనులో చెప్పిన చోట, ఆ తొలి ఏళ్ళలో అందులో అతి కొద్ది భాగం మాత్రమే తడిసింది. దొరలు తమ రిపోర్టులలో రైతుల మీద, వారి అజ్ఞానం మీద నెపం వేసుకున్నారు. ఆ రోజులలో అభిప్రాయసేకరణలు లేవు, బ్యాలెట్ పెట్టెలు లేవు, పత్రికలు లేవనే చెప్పాలి. సుంకేశుల రైతు తన అభిప్రాయాన్ని తూము మూసి ఉంచి తెలియజేశాడు. నా దృష్టిలో అంతకంటె స్పష్టమైన ప్రజాభిప్రాయం వేరొకటి లేదు.

ఐనా వాటాదారునికి 5 శాతం అందుతూనే ఉన్నది.

ఇక్కడ ప్రతివాది ఒక ప్రశ్న వేయగలడు. నిజాయితీగా వాదించాలంటే దానిని దాచకూడదు. 1876–78 నాటి మహాక్షామంలో ఆ కాలువే కదా ఎంతో కొంత ఆదుకున్నది? నిజమే. వాన మొగం చాటేయగానే రైతులు తూముల వద్దకు వచ్చారు, ఆ రెండేళ్ళూ కాలువ కింద సాగు ఎన్నో రెట్లు పెరిగింది. ఐనప్పటికీ 1871కి 1881కి నడుమ కర్నూలు జిల్లా జనాభాలో సుమారు నాలుగో వంతు తరిగిపోయింది. కాలువ ఉన్న జిల్లాలోనే! క్షామం తీరాక మళ్ళీ తూములు మూతపడ్డాయి. అప్పుడైనా ఎవరైనా అడగవలసిన ప్రశ్న ఏది? కరవు ఏడు నీరు ఉచితంగానో, అరతీరువాకో ఇచ్చి, మంచి ఏడు రైతుకు సేద్యం నేర్పి, పది ఇరవై ఏళ్ళకు ఆయకట్టును నిలబెట్టుకొనే ఓపిక ఎవరికి ఉంటుంది? సర్కారుకు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉంచుకొనేటట్లు మనం చేయవచ్చు. ఏటా వడ్డీ లెక్క చూసుకొనే లండను వాటాదారుకు ఉండే అవకాశమే లేదు.

చివరకు 1882లో సర్కారు ఆ కాలువను కొన్నది. సుమారు 3 కోట్ల రూపాయలకు. గమనించండి: మన శిస్తుతో వడ్డీ కట్టాము, మన శిస్తుతో అప్పు ఇచ్చాము, మన శిస్తుతోనే చివరకు మన కాలువను మనమే కొన్నాము. ఒరిస్సాలో ఇదే తరహాగా మొదలైన మరొక కంపెనీ ఇంకా ముందే, 1860ల చివరలో, చేతులెత్తేస్తే దానినీ సర్కారే కొనవలసి వచ్చింది. ఆ తరువాత బ్రిటిషువారు ఇండియాలో ఇటువంటి కాలువ కంపెనీల జోలికి పోలేదు. పెద్ద కాలువలన్నీ సర్కారే తవ్వుకున్నది. బుద్ధి వచ్చినది, ఐతే బుద్ధి వచ్చినందుకు ఫీజు మాత్రం మనం కట్టాము.

నేడు కె.సి. కాలువ క్రింద 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉన్నది. కర్నూలు, నంద్యాల, కడప రైతులు ఆ నీటి కోసం తగవులాడుకొనేటంత విలువైన కాలువ అది. తవ్వడం తప్పని నేననడం లేదు.

"ఈస్టిండియా కంపెనీ కూడా కంపెనీయే కదా, ధవళేశ్వరం కట్టింది ఆ కంపెనీయే కదా" అని చమత్కారంగా అడిగేవారుంటారు. 1847 నాటికి అది పేరుకే కంపెనీ, పనికి సర్కారు. వర్తకం మానుకొని అప్పటికి చాలాకాలమైంది. ఆ మాట వచ్చింది కనుక ఒకటి చెప్పనివ్వండి. 1833 చట్టంలో ఆ కంపెనీ వాటాదారులకు కూడా ఏటా పదిన్నర శాతం లాభాన్ని మన దేశపు ఆదాయం నుండే చెల్లించాలని వ్రాసుకున్నారు. పూచీ అనే మాట మీద దొరలకు అంత మక్కువ!

మరి మన పూర్వులు చెరువులు తవ్వించినప్పుడు ప్రైవేటు వ్యక్తుల పాత్ర లేదా? ఉన్నది, చాలా ఉన్నది. సప్తసంతానాలలో తటాకాన్ని లెక్కవేసిన జాతి మనది. కొడుకు లేనివాడు చెరువు త్రవ్వించి కొడుకును చూసుకున్నట్లు సంతోషించాడు. కడప జిల్లా పోరుమామిళ్ళలో శా. శ. 1291, అనగా క్రీ.శ. 1369 నాటి శాసనమున్నది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు త్రవ్వించిన చెరువు అది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టినట్లు చెబుతూ, మంచి చెరువుకు ఉండవలసిన అంగాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు ఆ రాతిమీద చెక్కించాడు. కె.సి. కాలువ పోయే జిల్లాలోనే, కంపెనీ పుట్టుకకు దాదాపు అయిదు వందల ఏళ్ళ ముందు!

అంతకంటె ముఖ్యమైనది దశబంధం. చెరువు త్రవ్వించినవాడికి, తెగిన చెరువును బాగుచేసినవాడికి ఆ చెరువు క్రిందనే కొంత పొలం మాన్యంగా ఇచ్చేవారు, లేదా పంటలో భాగం ఇచ్చేవారు. మా కంపెనీవాదులు ఇది వినగానే "చూశారా, అదీ ప్రైవేటే" అంటారు. తేడా చూడండి. దశబంధదారుని మాన్యం చెరువు క్రిందనే ఉంటుంది. కట్ట తెగితే ముందు ఎండేది అతని పొలం కూడాను. తూము పూడిపోతే అతని గాదె ఖాళీ. నీరు పారితేనే అతనికి ప్రతిఫలం. లండను వాటాదారుని మాన్యం సుంకేశుల క్రింద లేదు, ఖజానా క్రింద ఉన్నది. అతని పొలానికి కరవు రాదు. ఈ ఒక్క తేడా అర్థమైతే ఒడంబడిక పత్రం ఏది వచ్చినా అందులో ఏ పేజీ ముందు చదవాలో తెలుస్తుంది.

ఇక దొరల స్వదేశం సంగతి. మనకు నేర్పించినవారు తాము నేర్చుకున్నారా? 1989లో థాచరమ్మగారి ప్రభుత్వం ఇంగ్లండు, వేల్సులలోని పది నీటి సంస్థలను షేర్‌మార్కెట్టులో అమ్మివేసింది. అమ్మేముందు వాటికున్న అప్పు, దాదాపు 5 బిలియన్ల పౌండ్లు, ప్రభుత్వమే మాఫీ చేసి చేతిఖర్చుకు మరికొంత ఇచ్చి పంపింది, అత్తవారింటికి ఆడపిల్లను పంపినట్లు. అప్పు లేకుండా వెళ్ళిన ఆ పిల్లలు ముప్పై అయిదేళ్ళలో 60 బిలియన్ల పౌండ్లకు పైగా అప్పు చేశారు, వాటాదారులకు కొన్ని పదుల బిలియన్లు లాభాంశాలుగా పంచారు. లండను నగరానికీ పరిసరాలకూ, సుమారు కోటీ అరవై లక్షలమందికి సేవలందించే థేమ్స్ వాటర్ అప్పుల భారంతో మునిగే స్థితికి వచ్చింది. మురుగునీటి నిర్వహణలోనూ, లాభాంశాల చెల్లింపులోనూ నియమాలు తప్పినందుకు 2025 మే నెలలో దానికి 12 కోట్ల 27 లక్షల పౌండ్ల జరిమానా పడింది. ఆ దేశపు నదులలోకి, సముద్రంలోకి శుద్ధి చేయని మురుగును వదలిన సమయం, అన్ని తూముల లెక్కా కలిపితే, 2023 ఒక్క ఏడాదిలోనే 36 లక్షల గంటలు. ప్రక్కనే స్కాట్లండు తన నీటిని అమ్ముకోలేదు. వేల్సులో 2001 నుండి వాటాదారులే లేని సంస్థ నడుపుతున్నది. అక్కడ కష్టాలు లేవని కాదు. ఇంగ్లండు చేసిన పని లోకమంతా చేసినది కాదని తెలియడానికి చెప్పాను.

ప్రజలేమన్నారు? అమ్మకం నాడే అధికసంఖ్యాకులు వద్దన్నారు. ఇటీవలి సర్వేలలోనైతే నీరు తిరిగి ప్రజల చేతికి రావాలన్నవారు అత్యధికులు. అమ్మిన పార్టీకి ఓటువేసేవారిలో సైతం! నాయకులేమి చేశారు? లేబర్ పార్టీ నాయకత్వానికి పోటీచేస్తూ స్టార్మర్‌గారు 2020లో రైలు, తపాలా, విద్యుత్తు, నీరు ప్రజల ఉమ్మడి యాజమాన్యంలో ఉండాలని మాట ఇచ్చారు. 2024లో ప్రధాని అయ్యారు. నీటిరంగాన్ని పరిశీలించమని ఆయన ప్రభుత్వం కన్లిఫ్ అనే పెద్దమనిషి అధ్యక్షతన సంఘం వేసింది. ఐతే జాతీయం చేసే మాట మాత్రం పరిశీలించవద్దని ముందే గిరిగీసింది. 2025 జూలైలో ఆ సంఘం నియంత్రణసంస్థ ఆఫ్‌వాట్‌ను రద్దు చేయమన్నది, ప్రభుత్వం సరేనన్నది. కాపలావాడిని మార్చారు, తాళంచెవి ఎవరి దగ్గరున్నదో ఆ ప్రశ్నను మాత్రం పరీక్షపత్రం నుండే తీసివేశారు. పరీక్షపత్రాలు తయారుచేసిన అనుభవంతో చెబుతున్నాను: విద్యార్థి జవాబు ముందే తెలిసి, అది మనకు ఇష్టం కానప్పుడు చేసే పని అదే.

"దొరల పాలనే నయం" అనే మిత్రులు ఆ దొరల దేశపు ఓటరును ఒక్కసారి అడిగి చూడవలెను.

మళ్ళీ మన ఊరికి వద్దాము. తిరువూరు కృష్ణాజిల్లాలో ఉన్నంతకాలమూ (2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లా) ఆ పేరులోని కృష్ణ మా గడపకు వచ్చింది తక్కువ. డెల్టా మాది కాదు. సాగర్ ఎడమకాలువ చివరి భూములం. మెట్ట, మామిడి, ఎర్రనేల, బోరుబావి. కాలువ కట్టినవాడికి మ్రొక్కే అవకాశం కూడా మాకు పెద్దగా రాలేదు. త్రాగునీటికి ఇక్కడ జరిగినదేమనగా, ఏ మంత్రివర్గమూ తీర్మానించకుండానే, ఏ పత్రం మీదా సంతకం లేకుండానే నీరు ప్రైవేటు అయిపోయింది. 20 లీటర్ల క్యాను గుమ్మం ముందు దిగుతుంది. బోరు వేసినవాడు, ఆర్.ఓ. యంత్రం పెట్టినవాడు, ఆటో నడిపేవాడు – వీరిని నేను నిందించను, వారి పొట్టకూటి కోసం వారి పాట్లు. శుద్ధి చేసినంత నీటికి దాదాపు అంతే నీరు, ఒక్కొక్కచోట అంతకు మించీ, కాలువపాలవుతుందన్నది వేరే చర్చ. 2014 అక్టోబరు 2న "ఎన్.టి.ఆర్. సుజల స్రవంతి" అని 2 రూపాయలకు 20 లీటర్లు ఇచ్చే పథకాన్ని ప్రభుత్వమే ప్రారంభించింది. ఉద్దేశం మంచిదే. కాని ప్రభుత్వం సైతం కుళాయి బాగుచేస్తానని కాక క్యాను చవకగా ఇస్తానని చెప్పినప్పుడే ఓటమి ఒప్పుకున్నట్లయింది.

నా అసలు దిగులు ధర గురించి కాదు. మేము, అనగా ఊరిలో అర్జీ వ్రాయగలిగినవాళ్ళం, క్యానునీరు త్రాగడం మొదలుపెట్టిననాటి నుండి కుళాయినీటి రంగు గురించి అర్జీ వ్రాయడం మానివేశాము. మా వీధిలో ఒకప్పుడు నీరు బురదగా వస్తే పదిమంది సంతకాలు గంటలో పోగయ్యేవి. ఇప్పుడు ఆ నీటితో పాత్రలు తోముకుంటాము కనుక పట్టింపు లేదు. సభలలో వేదిక మీద నాయకుల ముందు సీసాలు, వేదిక క్రింద జనం ముందు నీళ్ళపాకెట్లు. ఆ ఊరి కుళాయినీరు త్రాగి ఉపన్యాసం మొదలుపెట్టిన నాయకుణ్ణి ఏ పార్టీలోనూ నేను చూడలేదు. ఇంతకూ కుళాయినీరు త్రాగేదెవరు? క్యాను కొనలేనివారు. వారి చేత అర్జీ ఎవరు వ్రాయిస్తారు?

మా నియోజకవర్గంలోనే ఎ.కొండూరు మండలమున్నది. అక్కడి తండాలలో మూత్రపిండాల జబ్బుతో ఎందరు పోయారో పత్రికలు చదివేవారికి తెలుసు. భూగర్భజలం మీదనే అందరి అనుమానం. ట్యాంకర్లతో నీరు తోలారు, కృష్ణానీటిని గొట్టాలలో తెచ్చే పనిని సర్కారు చేపట్టింది. అది ఆలస్యమైనందుకు, ఒక ప్రభుత్వం పేరు మరొక ప్రభుత్వం తీసివేసుకొనే చోద్యానికి, నాయకులను ఎంత తిట్టినా పాపం లేదు. శ్రీకాకుళం ఉద్దానంలో ఇదే వ్యాధికి హిరమండలం రిజర్వాయరు నుండి సుమారు 700 కోట్ల రూపాయలతో నీరు తెచ్చి 2023 డిసెంబరులో ప్రారంభించారు. ఎంత ఆలస్యమైనా సర్కారుతోనే అయింది. తండాకు కృష్ణానీటిని చేర్చే గొట్టం మీద లాభం లెక్కకడితే ఏ కంపెనీకి గిట్టుతుంది? గిట్టాలంటే పూచీ కావాలి. పూచీ అనగానే మనం మళ్ళీ 1858కి వెళ్ళిపోతాము.

అమరకోశంలో నీటి పర్యాయపదాలలో జీవనమని, అమృతమని, భువనమని ఉన్నవి. పిల్లల చేత ఏళ్ళతరబడి వల్లె వేయించాను. ఆ పట్టికలో సరుకు అన్న అర్థమిచ్చే పదమొక్కటీ లేదని బల్ల మీద కొట్టి చెప్పగలను.

రేపు మా పురపాలక సంఘం ముందుకో, మీ నగరపాలక సంస్థ ముందుకో ఏదైనా కంపెనీ ఒడంబడిక వస్తే – నీరు రానిరోజు ఎవరికి నష్టమని వ్రాసివున్నదో ఆ వాక్యం చూడండి. ఆ వాక్యం లేకపోతే సంతకం చేయవద్దని మీ వార్డు సభ్యుడికి చెప్పండి. తెలుగులో వ్రాసిన ప్రతి ఒకటి అడిగి పుచ్చుకోండి. మన ఊరి నీటి ఒడంబడిక మన భాషలో లేకపోవడం కూడా ఒక మోసమే, దాని గురించి మరొక టపాలో.

కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల మిత్రులకు ఒక విన్నపం. సుంకేశుల పాత ఆనకట్ట వద్దగాని, కాలువ గట్ల మీదగాని కంపెనీ నాటి రాళ్ళు, మైలుగుర్తులు మీరు చూసివుంటే ఫొటో తీసి పంపగలరు. మీ ఇళ్ళలో పెద్దలెవరైనా "కంపెనీ నీళ్ళు" అనే మాట వాడినట్లు గుర్తుంటే అదీ వ్రాయగలరు.